బొమ్మ తెగిన కాసేపు

"నేను చదవను."

కోడలు ఈ మాట మొదటిసారి అన్నప్పుడు కాఫీ ఇంకా పొయ్యి మీదే ఉంది. ఇప్పుడు మూడు గ్లాసుల్లోనూ చల్లారి, మీగడ కట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.

"ఒక్క వాక్యమే కదా," అన్నాడు భర్త బూట్ల లేసులకేసి చూస్తూ. కట్టిన లేసునే విప్పి మళ్ళీ కడుతున్నాడు.

"అంత చిన్నదైతే మీరే చదవండి."

"నేనెలా చదువుతాను? మైకు ముందు కూచునేది నువ్వు."

"చెవిలో చెప్పింది మీరు."

వంటింటి గుమ్మంలో గిన్నె తుడుస్తున్న అత్తగారి చెయ్యి ఆగింది. మళ్ళీ ఆ గిన్నెనే మొదట్నుంచీ తుడవడం మొదలుపెట్టింది.

వాక్యం నిజంగా చిన్నదే. 'పోయినసారి నేను తొందరపడి తప్పు చెప్పాను, మన్నించండి.' మధ్యాహ్నం రాకెట్ లేచే ముందు, ప్రత్యక్ష ప్రసారం మొదట్లోనే, దేశమంతా వింటుండగా అది చదివితే వ్యాఖ్యాత కుర్చీ ఆమెకుంటుంది. చదవకపోతే ఇదే ఆఖరు ప్రసారం. నిన్న డైరెక్టరు ఫోన్ చేసి, సొంత చెల్లెలికి చెప్పినంత ప్రేమగా చెప్పాడు. ఆ ప్రేమకి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

పోయినసారి ఏం జరిగిందో లోకమంతా చూసింది. రాకెట్ ఉపగ్రహాన్ని పైకి పంపేసి, కింది భాగం, అదే బూస్టరు, వెనక్కి తిరిగి వచ్చి నడిసముద్రంలో ఓడ మీద దిగాలి. దిగేటప్పుడు ఆ మంట ధాటికి ఓడ అదురుతుంది. ఓడ మీద యాంటెన్నా ఊగిపోతుంది. సరిగ్గా చూడాల్సిన సమయానికి తెర మీద బొమ్మ తెగిపోతుంది. ఆ కాసేపూ వ్యాఖ్యాతకు లాండింగ్ డెస్కు చెవిలో చెప్పే మాటే దిక్కు. పోయినసారి ఆ డెస్కు దగ్గర కూచున్నది ఆమె భర్త. బూస్టరు కాళ్ళు తయారుచేసే సెక్షను అతనిదే కాబట్టి కేంద్రంలో అందరూ అతన్ని కాళ్ళాయన అంటారు. కాళ్ళాయన చెవిలో "దిగింది, చెప్పెయ్" అన్నాడు. ఆమె సంతోషం పట్టలేక "దిగిందీ!" అని కేక పెట్టింది. బొమ్మ తిరిగొచ్చేసరికి ఓడ మీద పొగ తప్ప ఏమీ లేదు.

ఆ "దిగిందీ" అనే దీర్ఘం జనానికి ఎంత నచ్చిందంటే, ఇప్పుడు ఎక్కడ ఏది పడిపోయినా అదే మాట. సంతలో బుట్ట జారినా "దిగిందీ!" పిల్లలు పరీక్ష తప్పినా "దిగిందీ!"

"ఇలా చూడమ్మాయ్," అత్తగారు గిన్నె బోర్లించి వచ్చి కూచుంది. "నేను రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా ముప్పై ఏళ్ళు చేశాను. మాస్టరు రెండో ప్లాట్‌ఫారం అంటే రెండు అన్నాను. బండి చక్కగా నాలుగు మీదకొచ్చేది. మూటలు నెత్తినెట్టుకుని వంతెనెక్కి పరిగెత్తే జనం ఎవర్ని తిట్టేవాళ్ళనుకున్నావ్? మాస్టర్నా? నన్ను. దాని గొంతు పడిపోను అనేవాళ్ళు. పడిపోయిందా? ఇదుగో, ఇంకా ఖంగుమంటూనే ఉంది. మన ఉద్యోగంలో తిట్లు కూడా జీతంలో భాగమే."

"ఆ స్టేషన్ మాస్టరు మామయ్యగారు కాదుగా, అత్తయ్యా."

అత్తగారు నోరు తెరిచి, మూసింది. ముప్పై ఏళ్ళలో ఆమె మాట మధ్యలో ఆగడం కరెంటు పోయినప్పుడు మాత్రమే.

తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఏరా, నిజంగా నువ్వే చెప్పావా?"

దొంగకు తేలు కుట్టినట్టు అయింది అతని పని. ఇన్నాళ్ళూ ఇంట్లో కూడా అతను ఔననలేదు, కాదనలేదు. కోడలు ఏదో తొందరపడిందనే అత్తగారు అనుకుంటూ వచ్చింది. కొడుకు అలా అనుకోనిచ్చాడు.

"లైటు వెలిగిందమ్మా," అన్నాడు చివరికి. "కాళ్ళు డెక్కుని తాకితే వెలిగే లైటు. వెలిగింది. తాకింది కూడా. తాకి, ఒరిగి, నీళ్ళలోకి పోయింది. నేను అబద్ధం చెప్పలేదు."

"చెప్పినందుకు నేనేమన్నా అన్నానా?" కోడలు గొంతు లేచింది. "పొరపాటు ఎవరికైనా అవుతుంది. ఆ రాత్రి నీతో పాటు నేనూ ఏడ్చాను. విచారణలో కూచోబెట్టి అడిగారు చూడు, ఆమెకు చెవిలో చెప్పింది నువ్వేనా అని, అప్పుడేమన్నావు?"

అత్తగారి ముందు భర్తని మీరు అనడం, విడిగా నువ్వు అనడం ఆమెకు పెళ్ళైన నాటినుంచీ అలవాటు. ఇవాళ ఆ గోడ కూలిపోయింది. అత్తగారు గమనించింది.

"ఏమన్నావో మీ అమ్మకి చెప్పు."

అతను లేసు విప్పాడు.

"గుర్తు లేదన్నావు. నా మొహం ఎదురుగా. గుర్తు లేదు! ఆ లైను రికార్డవ్వదని నీకు తెలుసు. ఆ మాటకి నేనూ నువ్వూ తప్ప సాక్ష్యం లేదని తెలుసు."

"ఇవాళ్టిది కానీ," అన్నాడతను. "ఇది సవ్యంగా దిగితే నేనే వెళ్ళి డైరెక్టరుకి చెప్తాను. ఒట్టు."

"దిగితే, ఇంత మంచి రోజున పాత గొడవెందుకంటావు. పడితే, ఈ కష్టంలో ఇంకోటెందుకంటావు. నీ 'తర్వాత' ఎప్పుడొస్తుంది? నాకు చెప్పు, క్యాలెండర్లో రాసుకుంటాను."

"నీకు అర్థం కాదు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే నన్ను డెస్కు మీంచి లేపేస్తారు. కొత్త కాళ్ళకి నా బుర్రంతా పెట్టాను. నా పోస్టులో వేరేవాణ్ణి కూచోబెడితే అవి మళ్ళీ మొదటికొస్తాయి. నాది పని. నీది..."

"ఊఁ? నాది?"

"నీది మాట. మాట పోతే ఏం పోతుంది? నాలుగు రోజులు నవ్వుతారు, మర్చిపోతారు."

ఆ మాట అన్నాక అతనికే తెలిసింది, ఎంత మాటన్నాడో. కానీ అన్న మాట బాణం లాంటిది, వెనక్కి రాదు.

ఆమె నెమ్మదిగా లేచి, మూడు గ్లాసులూ తీసుకెళ్ళి కాఫీ తొట్టిలో ఒంపేసింది. "నీకు కాళ్ళున్నాయి, లెక్కలున్నాయి, ఒక సెక్షనుంది. నాకున్నదే మాట. నేను దిగిందంటే దిగిందని నమ్మే జనం ఉండేవాళ్ళు. దాన్ని తీసుకెళ్ళి నువ్వు నీ కాళ్ళ కింద మెత్తగా పరుచుకుంటానంటే ఊరుకోను. చదవను. ఇదే ఆఖరుసారి చెప్పడం."

అతను అమ్మకేసి చూశాడు. చిన్నప్పుడు అద్దం పగలగొట్టినా ఇలాగే చూసేవాడు.

అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంది. "నిజం నీ వైపే ఉందమ్మాయ్," అంది చివరికి. "అది ఇప్పుడు తెలిసింది. కానీ నేను వాడి వైపే ఉంటాను. కన్నాను కాబట్టి. నన్ను తిట్టుకుంటే తిట్టుకో. ఆ వాక్యమేదో చదివెయ్యి."

"తిట్టుకోను అత్తయ్యా. మీరైనా ఉన్నమాట అన్నారు."

బ్యాగు భుజానికి తగిలించుకుని ఆమె గుమ్మం దాటింది. భర్త ఒక బూటు లేసు కట్టుకోకుండానే వెనకాల పరిగెత్తాడు. రాకెట్ కేంద్రానికి పోయే స్టాఫ్ బస్సు ఒక్కటే. పోట్లాడుకున్న మొగుడూ పెళ్ళాలకి రెండు బస్సులు వెయ్యాలని ఏ ప్రభుత్వానికీ తోచలేదు.

బస్సులో పక్కపక్కనే కూచున్నారు. మధ్యలో ఆమె బ్యాగు కూచుంది.

ప్రతి స్టాపులోనూ ఎవరో దిగడం, వెనక సీట్లలోంచి ఎవరో సన్నగా "దిగిందీ!" అనడం, కిసుక్కుమనడం. కొన్ని వారాలుగా ఇదే వరస. ఇన్నాళ్ళూ ఆమె కిటికీలోంచి బయటికి చూసేది. ఇవాళ తల తిప్పి భర్త మొహంలోకి చూస్తూ కూచుంది. అతను కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు. నిద్రపోయేవాడి చెవులు అంత ఎర్రబడవు.

కేంద్రం గేటు ముందు ఆమె మెట్టు దిగుతుంటే, డ్రైవరే హుషారుగా అందుకున్నాడు. "దిగిందీ!"

బస్సంతా నవ్వింది. ఆమె ఆగి, వెనక్కి తిరిగింది.

"డ్రైవరు గారూ, నేను దిగానా?"

"దిగారు మేడం," అన్నాడతను తడబడి.

"చూసి చెప్తున్నారా, చెవిలో ఎవరైనా చెప్తే చెప్తున్నారా?"

"అయ్యో, అద్దంలో చూసే చెప్తున్నాను మేడం."

"మీకు అద్దమన్నా ఉంది. అదృష్టవంతులు."

నవ్వు ఆగింది. డ్రైవరు స్టీరింగుని అనవసరంగా తుడిచాడు. ఆమె వెనకాలే కాళ్ళాయన దిగాడు. అతను దిగినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. గేటు దాటేదాకా ఆ మౌనం అతని వీపుకి తగులుతూనే ఉంది.

"వాళ్ళకేం తెలుసు..." అన్నాడు, ఆమెను అందుకుంటూ.

"తెలీదు. నువ్వు చెప్తే కదా తెలిసేది."

అక్కడ దారులు వేరయ్యాయి. అతను ఎడమకి, ఆమె కుడికి.

వ్యాఖ్యాత గది చాలా చిన్నది. ఒక బల్ల, ఒక మైకు, ఒక తెర. ఎదురుగా నిలువెత్తు గాజు అద్దం. దాని అవతల పెద్ద హాలు, వరసలుగా డెస్కులు. లాండింగ్ డెస్కు మొదటి వరసలోనే. ఇక్కడ కూచుంటే భర్త వీపు కనబడుతుంది, తల వెనక ఎప్పుడూ అణగని జుట్టు కనబడుతుంది. బల్ల మీద మూడు బటన్లు: వాతావరణం, ప్రయోగం, లాండింగ్. ఏది నొక్కితే ఆ డెస్కు వాళ్ళ గొంతు నేరుగా జనానికి, ఈ గదిలో స్పీకరులోనూ వినబడుతుంది. రాకెట్ లేవక ముందు ఇంజనీర్లని పలకరించి నాలుగు మాటలు చెప్పించడానికి అవి పెట్టారు. లేచాక వాటి జోలికి ఎవరూ పోరు.

డైరెక్టరు నవ్వుతూ వచ్చాడు. మనిషి తెల్లగా, ఇస్త్రీ చేసినట్టుంటాడు. ఆయన నవ్వు కూడా అంతే.

"మొదటి కాగితంలోనే పెట్టాం, మేడం. మీకు ఇబ్బంది లేకుండా పెద్దక్షరాల్లో. ఒక్క వాక్యం."

"పోయినసారి కూడా ఒక్క మాటే, సార్."

"అదే కదా. ఒక్క మాటతో పోయింది, ఒక్క వాక్యంతో వచ్చేస్తుంది. మీ గొంతంటే నాకెంత గౌరవమో మీకు తెలుసు."

"గొంతంటే గౌరవం. అది చెప్పేదంటే లేదు. విచారణలో నేను చెప్పింది మీరు నమ్మలేదు."

"మీరు ఒకటన్నారు, లాండింగ్ డెస్కు గుర్తు లేదన్నారు. పైగా వారు మీ వారే. కట్టుకున్నవాడే మీకు సాక్ష్యం చెప్పకపోతే మేమేం చేస్తాం చెప్పండి?"

ఆ మాట సూదిలా దిగింది. నిజం కాబట్టి ఇంకా లోతుకి దిగింది. ఆమె మొదటి కాగితం తీసి, రెండుగా మడిచి, టీ కప్పు కింద పెట్టింది.

"అది చదవాల్సిన కాగితం, మేడం."

"తెలుసు సార్. బల్ల పాడవకుండా పెట్టాను."

డైరెక్టరు నవ్వు అలాగే ఉంది. ఇస్త్రీ మాత్రం కాస్త నలిగింది. తలుపు వేసి పోయాడు.

మైకు మీద ఎర్ర లైటు వెలిగింది.

"నమస్కారం," అందామె. "ఆకాశం తేటగా ఉంది. గాలి నెమ్మదిగా ఉంది. సముద్రం మీద ఓడ ఉండాల్సిన చోటే ఉంది. పోయినసారి ఈ కుర్చీలో కూచున్నది నేనే. ఇవాళా నేనే."

"వాక్యం," అన్నాడు చెవిలో డైరెక్టరు. "ఇక్కడే. చదవండి."

"ఈ రాకెట్ మోసుకుపోయేది వానల్ని కనిపెట్టే ఉపగ్రహం. తుపాను ఎక్కడ లేస్తోందో, ఎటు కదులుతోందో పైనుంచి చూసి మనకు చెబుతుంది. చూసింది చూసినట్టు చెప్పడమే దాని పని."

"మేడం, వాక్యం!"

ఆమె టీ తాగి, కప్పు మళ్ళీ ఆ కాగితం మీదే పెట్టింది. అద్దం అవతల కాళ్ళాయన ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. చదవలేదని అర్థమైంది అతనికి. మళ్ళీ ముందుకు తిరిగాడు.

"సరే, పోనీ, లేచాక చదవండి," అంది చెవిలో గొంతు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. "బూస్టరు దిగాక చదివినా పర్లేదు."

అంకెలు తగ్గుతూ వచ్చాయి. సున్నా దగ్గర గాజు అద్దం సన్నగా మోగింది. కప్పు గలగలమంది. దూరాన, చెట్ల మీదుగా, మంట ముందు లేచింది, చప్పుడు తర్వాత వచ్చి గుండెల మీద పడింది.

ఎన్నిసార్లు చూసినా ఆమెకు ఒళ్ళు జలదరిస్తుంది. పొద్దున్న ఇంట్లో పోట్లాట, బస్సులో నవ్వులు, చెవిలో డైరెక్టరు, అన్నీ కాసేపు ఎటో పోయాయి. "లేచింది! నా కళ్ళతో చూస్తున్నాను, లేచింది!" అంది. ఆ గొంతులో సంతోషం నటన కాదు. దీని కోసమే ఆమెకు ఈ కుర్చీ కావాలి. పరువు కోసం అంతగా కాదు.

పైన రెండు భాగాలూ విడిపోయాయి. ఉపగ్రహాన్ని పట్టుకుని పై భాగం ముందుకు పోయింది. పని ముగించుకుని ఇంటిదారి పట్టినవాడిలా బూస్టరు వెనక్కి తిరిగింది.

"వస్తోంది," అందామె. "మబ్బు దాటింది. ఇంజను మళ్ళీ వెలిగింది. కింద ఓడ కనబడుతోంది, డెక్కు మీద తెల్ల రంగుతో వేసిన వలయం చూడండి. ఓడ మీద మనుషులెవరూ లేరు. కాళ్ళు తెరుచుకుంటున్నాయి. ఒకటి, రెండు, మూడు... నాలుగోది..."

తెర వణికింది. మంట డెక్కుని నాకింది. బొమ్మ తెగిపోయింది.

తెరంతా బూడిద రంగు.

హాలులో అందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. లాండింగ్ డెస్కు మీద చిన్న పచ్చ లైటు వెలగడం అద్దంలోంచి ఆమెకు కనబడింది.

"తాకింది," అన్నాడు చెవిలో డైరెక్టరు. "లైటు వెలిగింది. దిగింది అని చెప్పండి."

ఆమె బూడిద రంగు తెరకేసే చూస్తోంది.

"చెప్పండి మేడం! జనం ఎదురుచూస్తున్నారు."

భర్త గొంతు కోసం చూసింది. రావాల్సింది అతని మాట. ఆ లైను తెరిచే ఉంది, అతని ఊపిరి వినబడుతోంది, అంతే. దిగిందనడం లేదు, పడిందనడం లేదు. అతనికీ తెలియదు. ఎవరికీ తెలియదు.

అప్పుడు తట్టింది ఆమెకు. బొమ్మ వస్తే ఇక కుదరదు. ఓడ మీద అది నిలబడి ఉంటే చప్పట్లలో అతను తప్పించుకుంటాడు. పడిపోయి ఉంటే ఏడుపులో తప్పించుకుంటాడు. గెలుపో ఓటమో తేలని ఈ కాసేపే, వెనక దాక్కోవడానికి అతనికేమీ లేనిది.

ఆమె మూడో బటన్ నొక్కింది.

"బొమ్మ తెగిపోయింది," అంది మైకులో. "నేను చూడలేదు, కాబట్టి చెప్పను. లాండింగ్ డెస్కుని అడుగుదాం. లాండింగ్ డెస్క్, ఇప్పుడు మీ గొంతు జనానికి వినబడుతోంది. లైటు వెలిగిందా?"

అద్దం అవతల కాళ్ళాయన వీపు బిగుసుకుంది. చుట్టుపక్కల డెస్కుల్లో తలలన్నీ తిరిగాయి.

"వెలిగింది."

"దిగిందా?"

"బటన్ తియ్యండి!" డైరెక్టరు అరిచాడు. ఆమె చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పడేసింది. అది అక్కడ కందిరీగలా గీపెడుతూ ఉంది.

"లాండింగ్ డెస్క్, దిగిందా?"

"తెలీదు," అన్నాడతను.

"పోయినసారి తెలిసిందా?"

ఇంతమంది వింటుండగా భర్తను ఇలా నిలదీయడం తగునా అని అడిగేవాళ్ళుంటారు. తగదు. గుర్తు లేదనడం తగిందా మరి?

అతను వెనక్కి తిరిగాడు. అద్దంలోంచి సూటిగా ఆమెకేసి చూశాడు.

"పోయినసారి కూడా లైటే వెలిగింది," అన్నాడు. "అది చూసి దిగిందనుకున్నాను. దిగింది, చెప్పెయ్ అని ఆమె చెవిలో చెప్పింది నేను. ఆమె నన్ను నమ్మి మీకు చెప్పింది. తర్వాత నన్నడిగితే గుర్తు లేదన్నాను." కాస్త ఆగాడు. "గుర్తుంది."

ఎర్ర లైటు ఆరిపోయింది. ఎవరో లైను కోసేశారు.

ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూచుంది. గెలిచానని అనిపించలేదు. హాలులో ఇద్దరు అధికారులు కాళ్ళాయన దగ్గరికి వచ్చి ఏదో అన్నారు. అతను హెడ్‌సెట్ తీసి, వైరు చుట్టి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టి లేచాడు. కానీ బయటికి పోలేదు. వాళ్ళు చెయ్యి పట్టుకున్నా కదలకుండా పెద్ద తెరకేసి చూస్తూ నిలబడ్డాడు.

తలుపు దభాలున తెరుచుకుంది. డైరెక్టరు. ఇస్త్రీ పూర్తిగా పోయింది.

సరిగ్గా అప్పుడే బొమ్మ వచ్చింది.

ఓడ. పొగ. పొగలోంచి బూస్టరు. నిలబడి ఉంది! హాలంతా లేచి కేకలు పెట్టింది, కాగితాలు ఎగిరాయి. ఆమె మాత్రం తెరకి దగ్గరగా వంగింది. నాలుగో కాలు సగమే తెరుచుకుంది. బూస్టరు ఆ వైపుకి ఒరిగి ఉంది. అల వచ్చినప్పుడల్లా ఓడ ఊగుతోంది, దాంతోపాటు అదీ ఊగుతోంది. చప్పట్లు కొట్టనివాడు హాలులో ఒక్క కాళ్ళాయనే.

"చూశారా? దిగింది!" డైరెక్టరు రొప్పుతున్నాడు. "దేశమంతా మూగబొమ్మ చూస్తోంది. లైనిస్తున్నాను. దిగింది అని, గట్టిగా, సంతోషంగా. ఇందాకటి రభస జనం మర్చిపోవాలి."

"ఒరిగి ఉంది సార్."

"అది చెప్పక్కర్లేదు."

"కాలు సగమే విచ్చుకుంది. పడొచ్చు."

"పడితే అప్పుడు చూద్దాం! మీ ఆయన సంగతి తర్వాత చూస్తాం, మీ సంగతి కూడా. ముందు చెప్పమన్నది చెప్పండి."

"నా సంగతి ఇప్పుడే చూడండి," అందామె. లేవలేదు, కుర్చీని ఇంకాస్త ముందుకి లాక్కుంది. "లైనిస్తారా? ఇంకొకర్ని పిలుస్తారా? పిలిస్తే వాళ్ళకి నా పక్కనే కుర్చీ వెయ్యండి. నేను లేవను."

డైరెక్టరు అటూ ఇటూ చూశాడు. ఆ గదిలో గొంతున్న మనిషి ఇంకొకరు లేరు. తెర మీద అల లేచింది, బూస్టరు ఇంకాస్త వంగింది. బయట కోట్లమంది, చెప్పేవాళ్ళు లేక, ఆ బొమ్మనే చూస్తున్నారు. ఆయన పళ్ళు కొరుకుతూ అద్దంలోంచి చెయ్యి ఊపాడు.

ఎర్ర లైటు వెలిగింది.

"మీరు చూస్తున్నదే నేనూ చూస్తున్నాను," అందామె. "దిగింది. కానీ ఒక కాలు పూర్తిగా విచ్చుకోలేదు, ఒరిగి ఉంది. నిలుస్తుందో పడుతుందో నాకు తెలీదు. తెలిసేదాకా నేనిక్కడే ఉంటాను."